గులాబి మచ్చ

మంత్రపురి అని పేరున్న మంథనిలో మంత్రాలన్నీ అయిపోయాక మా మామ రిపోర్టుల మీద పడ్డాడు. కొడుకు తనలో తాను మాట్లాడుకోవడం మొదలై ఇరవై ఏళ్లు. కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ తిరిగారు. తలకాయ స్కానింగు, థైరాయిడ్, బీ12... పెళ్లి ఆల్బమంత ఫైలు తయారైంది. అన్నీ నార్మల్. డాక్టర్లు మనిషితో మాట్లాడి స్కిజోఫ్రెనియా అని రాశారు. మందులకు బావ నెమ్మదించాడు కూడా. మామకు మాత్రం కాగితం మీద అంకె కావాలి.

మొన్న గౌతమేశ్వరుని గుడికి పోయి, అటునుంచి అటే వాళ్లింటికి వెళ్తే ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను మరి.

"షుగరుకున్నట్టు దీనికో పరీక్ష లేదారా అల్లుడా?"

"దేవులాడుతనే ఉన్నరు మామా" అని గులాబి మచ్చ కథ ఎత్తుకున్నాను.

1962లో అమెరికాలో ఫ్రీడాఫ్, వాన్ వింకిల్ అని ఇద్దరు స్కిజోఫ్రెనియా రోగుల మూత్రం తీసుకుని, అందులోని పదార్థాలను కాగితం మీద పాకించి చూశారు. 19 మందిలో 15 మందికి గులాబి రంగు మచ్చ. బాగున్న 14 మందిలో ఒక్కరికీ లేదు. ఇంకేం, పిచ్చి దొరికిపోయింది! ప్రయోగశాలలన్నీ ఆ మచ్చ వెంట పడ్డాయి. ఒకరికి కనబడితే ఇంకొకరికి కనబడదు. చివరికి 1970లో బయటపడిన సంగతేమిటంటే, మామూలు చాయ్ తాగినా అలాంటి మచ్చే పడుతోందని. అంతకుముందు 1959లోనూ ఇదే భాగోతం. అప్పుడు రోగులకూ బాగున్నవాళ్లకూ తేడా చూపించింది కాఫీ.

మామ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా నేను చూసి ఎన్నేళ్లయిందో.

"గంత పెద్ద సదువులు సదివిండ్రు, ఏం తాగుతున్నరో ఒక్కడన్న అడుగలేదా?"

"అడిగినోళ్లు మన దగ్గర ఉన్నరు" అన్నాను. దక్కన్‌లో జొన్నలే తిని బతికే పేదలకు పెల్లాగ్రా వచ్చేది. ముందు తోలు నల్లబడి పగులుతుంది, ముదిరితే మతి తప్పుతుంది. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంటియా వాళ్ల తిండేమిటో చూశారు. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ మీద అనుమానమని 1960లో రాశారు. ఆ రోగానికి నయాసిన్ అనే విటమిన్ ఇస్తే చాలు, మతి కూడా తిరిగొచ్చేది.

"సూసినవా, మన హైదరాబాదోళ్లే నయం! అడిగితె కద తెలిసేది" అని మామ తొడ చరుచుకున్నాడు.

అత్తమ్మ చాయ్ తెచ్చింది. పళ్లెంలో మూడు గ్లాసులు. బావ ఎప్పటిలాగే కడప దగ్గర కూచుని బజారు కేసి చూస్తున్నాడు.

"బావకు?"

"వానికి పడది. మొదటిసంది తాగడు" అన్నాడు మామ, నవ్వుకు కారిన కళ్లు ఇంకా తుడుచుకుంటూనే.

నేను గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నాను. బావ మా వైపు తిరిగాడు.

"ఒక్కనాడన్న అడిగిండ్రా?"