దూరపు పాటలు నునుపు

తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లతోనూ, పొద్దున్న పది గంటల తత్కాల్‌తోనూ రాటుదేలిన తెలుగువాడి వేళ్ళకు 2024 సెప్టెంబరు 22న అసలు పరీక్ష వచ్చింది. ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కోల్డ్‌ప్లే అనే రాక్ బృందం ముంబై కచేరీల టికెట్లు అమ్మకానికి పెట్టారు. మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో నలుగురేసి మిత్రులు తలకో ల్యాప్‌టాప్, చేతికో ఫోను పెట్టుకుని స్నానాలు మానేసి కూర్చున్నారు. యాప్ కూలబడింది. తేరుకున్నాక, తమరి ముందు ఇంకా కొన్ని లక్షల మంది ఉన్నారు, కాస్త ఓపిక పట్టండి అని సెలవిచ్చింది. స్టేడియంలో పట్టేది వేలల్లో, వరుసలో ఉన్నది లక్షల్లో. ఇంజనీరింగులో ఎమ్-త్రీ సప్లిమెంటరీ గట్టెక్కిన వాళ్ళకు ఇంత చిన్న తీసివేత రాక కాదు. బిర్యానీ చల్లారిపోయింది గానీ ఒక్కడూ కుర్చీ వదల్లేదు. అదే ఏడాది మే నెలలో లోక్‌సభ ఎన్నికలప్పుడు హైదరాబాద్, సికింద్రాబాద్ నియోజకవర్గాల్లో సగం ఓట్లు కూడా పడలేదు. క్యూలో ఎవడు నిలబడతాడు అన్నారు. ఈవీఎం మీద గిటారు బొమ్మ ఒకటి వేయించి ఉంటే ఎన్నికల సంఘానికి ఈ అప్రతిష్ఠ తప్పేది.

టికెట్ ధర 2,500 నుంచి 35,000 రూపాయల దాకా. అవే టికెట్లు చూస్తుండగానే వేరే సైట్లలో లక్షల్లోకి ఎగబాకాయి. ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల దగ్గర బ్లాకులో టికెట్లమ్మేవాడు నోటి చివర్నుంచి రేటు గొణుగుతూ తిరిగేవాడు, లాఠీ కనబడగానే సందులోకి దూరేవాడు. పాపం, వాడి జేబులో నిజంగా టికెట్టు ఉండేది. ఇప్పటి వ్యాపారికి ఆ చాదస్తం లేదు. ఇంకా చేతికి రాని టికెట్టును కూడా దర్జాగా ఏసీ గదిలో కూర్చుని అమ్మేస్తాడు. గొడవ ముదిరి ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం టికెట్లమ్మిన సంస్థ పెద్దను వివరణకు పిలిచింది. అక్టోబరులో ఈడీ అయిదు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. మన మిత్రబృందానికి ఈడీ మీద వచ్చిన ఫిర్యాదల్లా ఒక్కటే: సోదాల్లో దొరికినవేమైనా ఉంటే న్యాయంగా వేలం వేయొచ్చు కదా!

మిత్రబృందం అంటే నలుగురు. నలుగురే ఎందుకంటే ఒకరికి నాలుగు టికెట్లకు మించి ఇవ్వమన్నారు కాబట్టి. పాపం, అయిదోవాడు చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీలో కూర్చున్నవాడు. మొన్నటిదాకా ప్రాణమిత్రుడు, ఇప్పుడు వెయిటింగ్ లిస్టు. మిగిలిన నలుగురి ఎంపికలో మాత్రం కేంద్ర మంత్రివర్గ విస్తరణకున్నంత దూరదృష్టి ఉంది. ఒకడికి విమానాశ్రయం లాంజిలోకి పోనిచ్చే క్రెడిట్ కార్డుంది. ఇంకొకడి కెమెరా ఫోను నిరుడే కొన్నది. మూడోవాడికి ఇంట్లో అబద్ధం చెప్పగల నేర్పుంది. నాలుగోవాడి దగ్గర ఏమీ లేదు, డబ్బు తర్వాత పంపిస్తానన్న మాట తప్ప. ప్రతి యాత్రలోనూ ఈ నాలుగోవాడు తప్పకుండా ఉంటాడు. అష్టదిక్పాలకుల్లో వీడికో దిక్కు ఎందుకు కేటాయించలేదో తెలియదు.

ఇంతకీ సంగీతం మాటేమిటని అడగబోయేరు. అక్కడికే వస్తున్నాను.

"మామా, వాళ్ళ పాటలు నీకెన్ని తెలుసు?"

"ఒకటిన్నర."

"అర ఏంట్రా?"

"చైన్‌స్మోకర్స్‌తో కలిసి చేసిందొకటి ఉంది కదా. దాంట్లో వాటా."

మిగతావి బయల్దేరే ముందు నెల రోజుల్లో నేర్చుకుంటారు. ఎంసెట్‌కు క్రాష్ కోర్సు తీసుకున్న జాతి మనది, ఇరవై పాటలొక లెక్కా! వివా లా విడా దగ్గర ఎక్కడ చేతులెత్తాలో, ఫిక్స్ యూ దగ్గర ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో గైడ్లు చదివి మరీ బయల్దేరతారు.

ఇదే కోల్డ్‌ప్లే 2016 నవంబరు 19న ముంబైలో పాడినప్పుడు చాలా టికెట్లు ఉచితం. ఏవో మంచిపనులకు మద్దతు పలికి పాయింట్లు సంపాదించుకుంటే చాలు. అయితే అప్పటికి పెద్ద నోట్లు రద్దయి పదకొండు రోజులే. దేశమంతా ఏటీఎంల ముందు నిలబడి ఉంది. ఉచితంగా ఇచ్చినప్పుడు వాళ్ళ పేరు తెలియనివాళ్ళు, ముప్పై అయిదు వేలన్నాక వీరాభిమానులయ్యారు. గొంతు అదే, బృందం అదే, ధర ఒక్కటే పెరిగింది. అభిమానం దాన్ని పట్టుకుని పైకెక్కింది.

ఇక్కడ ఒక పాతకాపు గొంతు సవరించుకుంటాడు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా బృందాన్ని చూసి వచ్చినవాడు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి, నల్ల టీషర్టు తొడుక్కుని, వానకు తడిసి, బురదలో నిలబడి మెడ విరిగేలా తల ఊపిన తరం. వీడి దృష్టిలో కోల్డ్‌ప్లేది రాకే కాదు, నిద్రమాత్ర. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో అదే మెటాలికా కచేరీ ఆగిపోతే జనం వేదికను ధ్వంసం చేశారు. ఆ సంగతి కూడా ఎంతో గర్వంగా చెబుతాడు, తాను అక్కడ లేకపోయినా సరే. ఆ నల్ల టీషర్టు ఇప్పుడు వీడి పొట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. కథ మాత్రం ఆగదు. గృహప్రవేశాల్లో, సీమంతాల్లో, పిల్లల పుట్టినరోజుల్లో కేకు కోసే లోపు ఎవరో ఒకరికి వినిపించి తీరతాడు. కొత్త కుర్రాళ్ళు రీలు పెడితే వీడు ఉపన్యాసం పెడతాడు. రీలైతే వేలితో తోసేయొచ్చు, అదొక్కటే తేడా.

మన నలుగురికీ ముంబై టికెట్లు దొరకలేదు గానీ, నవంబరులో అహ్మదాబాద్‌కూ టికెట్లు పెట్టారు. 2025 జనవరి 25, 26. నరేంద్ర మోదీ స్టేడియం, లక్షా ముప్పై రెండు వేల సీట్లు. అహ్మదాబాద్ అంటే అప్పటిదాకా మనవాళ్ళకు ఐఐఎం సీటు రాని బాధ తప్ప ఇంకేం గుర్తుకొచ్చేది కాదు. ఇప్పుడు హోటల్ గది అద్దె చూసి, ఆ సీటు వచ్చినా ఇంతే ఖర్చయ్యేదని సరిపెట్టుకున్నారు. 2023 ప్రపంచకప్‌లో భారత్-పాకిస్తాన్ మ్యాచ్‌కు ఇదే ఊళ్ళో గదులు దొరక్క కొందరు ఆరోగ్య పరీక్షల సాకుతో ఆస్పత్రుల్లో మంచాలు అడిగారని పత్రికలు రాశాయి. ఈసారీ ఆ దారి తొక్కి ఉండాల్సింది. తలకైనా, గుండెకైనా పరీక్ష అవసరమే.

1960లో రాష్ట్రం ఏర్పడినప్పట్నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం. బయటి రాష్ట్రంవాళ్ళు పర్మిట్ తీసుకోవచ్చు. సంప్రదాయాలను బద్దలుకొట్టడానికి పుట్టిందంటారు రాక్ సంగీతం. దాన్ని వినడానికి పోయి ఫారం నింపి, ఆధార్ జిరాక్సు జతచేసి, వరుసలో నిలబడ్డ తిరుగుబాటుదారులు మనవాళ్ళు. చివరికి ఛాస్ అని అక్కడివాళ్ళు పోసే మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు. భోజనంలో పప్పు తియ్యగా తగిలేసరికి నలుగురిలో ఇద్దరు బ్యాగులోంచి అమ్మ పెట్టిన ఆవకాయ తీశారు. మొత్తం యాత్రలో గుండె లోతుల్లోంచి వచ్చిన కేక అదొక్కటే. దగ్గర్లో అడాలజ్ మెట్లబావి ఉందని ఆటోవాడు చెప్పాడు. అయిదు వందల ఏళ్ళుగా ఉన్నది ఇంకో ఏడాదికీ ఉంటుందని తేల్చేశారు.

కోల్డ్‌ప్లేవాళ్ళు 2019లో ఒక మాటన్నారు: భూమికి చేటు చేయని పద్ధతి దొరికేదాకా ప్రపంచయాత్ర చేయమని. తర్వాత వెనకటి యాత్రతో పోలిస్తే కాలుష్యాన్ని సగానికి తగ్గిస్తామని మాటిచ్చి, టికెట్టుకో మొక్క చొప్పున నాటిస్తూ మళ్ళీ బయల్దేరారు. జనం గెంతితే కరెంటు పుట్టే నేల వేశారు. తొక్కితే బ్యాటరీ నిండే సైకిళ్ళు పెట్టారు. చేతికి కట్టే వెలుగుల పట్టీలను తిరిగి ఇచ్చేయమన్నారు. వాళ్ళ చిత్తశుద్ధిని నేను శంకించను. నా ఆనందమంతా మనవాడి గురించి. కొండాపూర్ నుంచి శంషాబాద్‌కు ఒక్కడే డీజిల్ క్యాబ్‌లో, శంషాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు విమానంలో, అక్కడినుంచి స్టేడియమున్న మొతేరాకు మెట్రో ఉన్నా ఇంకో క్యాబ్‌లో పోయి, సైకిలెక్కి రెండు నిమిషాలు తొక్కి, చెమట తుడుచుకుంటూ ఫొటో దిగి, కింద 'భూమి కోసం' అని రాశాడే, ఆ నిబ్బరానికి జోహార్లు. వీడు తొక్కిన కరెంటు ఆ ఫొటో ఎక్కించడానికి సరిపోయిందో లేదో గానీ, ఇంట్లో మాత్రం గీజర్ ఆపకుండా వచ్చాడు.

కచేరీ మొదలైంది. వేదిక మీద గాయకుడు క్రిస్ మార్టిన్ చీమ తలంత. అందుకే అందరూ పక్కనున్న తెరవైపు చూశారు. ఆ తెరను తమ ఫోను తెరలో చూశారు. 26వ తేదీ కచేరీని హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. వెయిటింగ్ లిస్టులో మిగిలిపోయిన మన అయిదోవాడు లుంగీ కట్టుకుని, కాళ్ళు బల్లమీద పెట్టుకుని మార్టిన్ నుదుటి మీది చెమట చుక్కతో సహా చూశాడు. చూసి, "బాగుందిరా, మూడో పాటలో డ్రమ్స్ అదిరింది" అని గ్రూపులో మెసేజీ పెట్టాడు. నలుగురికీ ఒళ్ళు మండిపోయింది. అంత దూరం పోయినవాళ్ళకు వినబడనిది ఇంట్లో ఉన్నవాడికి వినబడడం కన్నా అవమానం ఉంటుందా? వాళ్ళ చెవుల్లో ఆ రాత్రంతా పక్కనున్నవాడి గొంతే ఉంది. పక్కనున్నవాడికి వీళ్ళ గొంతు. గణతంత్ర దినమని మార్టిన్ వందేమాతరం అందుకోగానే స్టేడియం ఊగిపోయింది. బుమ్రా వచ్చాడని తెరమీద చూపించగానే ఇంకా ఊగింది. లండన్‌లో మొదలైన బృందాన్ని వినడానికి పోయి ఎక్కువ కేకలు మన పాటకీ, మన బౌలర్‌కీ వేసి వచ్చారు. ఆ రెండూ ఉప్పల్ స్టేడియంలో దొరికేవే.

రెండు రోజులు తిరక్కుండానే ప్రధానమంత్రి భువనేశ్వర్‌లో ఈ కచేరీలను ప్రస్తావించి, దేశంలో కచేరీల ఆర్థిక వ్యవస్థకు ఎంత అవకాశం ఉందో చెప్పారు. దాంతో క్రెడిట్ కార్డు బిల్లుకు హఠాత్తుగా దేశభక్తి అంటుకుంది. అంతదాకా దుబారా అని తిట్టిన నాన్నగారికి ఏం జవాబు చెప్పాలో తెలియక నలిగిన పిల్లవాడు, జీడీపీకి తోడ్పడ్డాను నాన్నా అన్నాడు. అయితే ఈఎంఐ కూడా ప్రభుత్వాన్నే కట్టమనరా అని ఆయన పేపరు మడిచారు. నాలుగోవాడు ఇంకా డబ్బు పంపలేదు. వాడు మాత్రం జీడీపీ గురించి ఏమీ మాట్లాడలేదు.

అహ్మదాబాద్ కచేరీ అయిన సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 2న, గాయకుడు ఎడ్ షీరన్ స్వయంగా హైదరాబాద్‌కే వచ్చి రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. గ్రూపులో అయిదోవాడే కదిలించాడు, ఈసారి తనకూ చోటుంటుందని.

"ఫిల్మ్ సిటీనా? హయత్‌నగర్ దాటి పోవాలిరా!"

"ఎల్‌బీ నగర్ ట్రాఫిక్ తెలుసు కదా మామా. ఎవడు పోతాడు అంత దూరం?"

"మన ఊళ్ళోదేగా, మళ్ళీ వస్తాడులే."

తర్వాతి వారం అదే షీరన్ బెంగళూరు కచేరీలో శిల్పారావుతో కలిసి దేవర సినిమాలోని చుట్టమల్లే పాడాడు, తెలుగులోనే. ఆ వీడియో గ్రూపులోకి వచ్చిన అయిదు నిమిషాల్లో నలుగురూ మేలుకున్నారు.

"ఛ, బెంగళూరు పోవాల్సింది రా!"