గొంతు చించుకున్న ప్రశ్నలు

కరోనా కాలంలో మన టీవీ ఛానళ్లు ప్రశ్నించలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పొద్దస్తమానం ప్రశ్నించాయి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు, అర్ధరాత్రికి దేశానికి తాళం పడింది. ఆ నాలుగు గంటల్లో వలసకూలీ సొంతూరెలా చేరాలన్నది మరీ చిన్న ప్రశ్న. స్టూడియో స్థాయికి తగదు. ఏప్రిల్‌లో అదే కూలీలు ముంబయి బాంద్రా స్టేషన్ దగ్గర గుమిగూడగానే కొందరు యాంకర్లకు పౌరుషం పొడుచుకొచ్చింది. వీళ్లను ఎవరు తోలారు, పక్కన మసీదెందుకుంది అని నిలదీశారు. ఢిల్లీలో తబ్లీగీ జమాత్ మర్కజ్‌ను నిలదీశారు. వైరస్‌ను సైతం వదల్లేదు. రోజుకు 90 వేల పైచిలుకు కేసులొస్తున్న సెప్టెంబరులో ఒక సినీనటుడి మరణం మీద, ఎవరెవరివో వాట్సాప్ కబుర్ల మీద జాతీయ దర్యాప్తు సాగించారు. దారిలో ఎందరు కూలీలు పోయారో లెక్కల్లేవని ఆ నెలే కార్మికశాఖ పార్లమెంటులో చెప్పింది. పోనీలెండి, కూలీలకు వాట్సాప్ కబుర్లేముంటాయి!

మన తెలుగు ఛానళ్లది వేరే బడి. ఆస్పత్రి ఎలా ఉందో తెలియాలంటే ముందు ఛానల్ ఏ పార్టీదో తెలియాలి. ఒక నంబరు నొక్కితే పడకలు ఖాళీ, ఆక్సిజన్ పుష్కలం. ఇంకోటి నొక్కితే యమలోకం. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. పది రోజులు తిరిగేసరికి కెమెరాలన్నీ కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కరోనా నాటుమందు ముందు వాలాయి. రుయాకు ఆక్సిజన్ ట్యాంకరు ఎందుకు ఆలస్యమైందన్న దానికంటే ఆయన కంటిచుక్కల్లో తేనె పాలెంత అన్నది పెద్ద చర్చ.

ఈ గోలకు దూరంగా గుజరాత్‌లో కొందరు చాదస్తులు మిగిలారు. ‘సందేశ్’ విలేకరులు అహ్మదాబాద్ సివిల్ ఆస్పత్రి శవాగారం బయట కాపుకాసి శవాలు లెక్కపెట్టారు. ‘దివ్య భాస్కర్’ మరణ ధ్రువపత్రాలు తిరగేసింది. 2021 మార్చి 1 నుంచి మే 10 దాకా 1.23 లక్షలు. అంతకుముందు ఏడాది అవే రోజుల్లో 58 వేలు. ప్రభుత్వం చెప్పిన కొవిడ్ మరణాలు 4,218. దీనికి ఎనిమిది కిటికీల చర్చ అక్కర్లేదు, రిజిస్టరు తిప్పే ఓపిక చాలు.

ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలపలేదని 2021 జులై 20న కేంద్రం రాజ్యసభకు చెప్పింది. 22న ఆదాయపు పన్నువాళ్లు ‘దివ్య భాస్కర్’ను నడిపే భాస్కర్ గ్రూపు ఆఫీసుల తలుపు తట్టారు. పన్ను ఎగవేత అనుమానమట. అదే రోజు లక్నోలో ‘భారత్ సమాచార్’ అనే ఛానల్‌కూ వెళ్లారు. అదేం ఛానలో, వైరస్‌ను వదిలేసి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని నిలదీసింది.