లెవెల్ రెండున్నర నిర్వాసితుడు

"స్థానికులకే ఉద్యోగాలు, అర్హతల మేరకు."

ఈ వారం కూడా వినపడింది. ఎవరన్నారని అడగకండి. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లకి కోపం వస్తుంది, అందరూ అన్నారు గనక. భోగాపురం మండలంలో ఈ వాక్యం పిల్లలకి కూడా నోటికొచ్చు. మొదటి సగం జనం వైపు తిరిగి గట్టిగా అంటారు. రెండో సగం గొంతు సవరించుకుంటున్నట్టు, మైకు పక్కకి జరుపుతూ అంటారు. ముఖ్యమంత్రులు మారారు, జెండాలు మారాయి, శిలాఫలకం మారింది. వాక్యానికి ఆ తోక మాత్రం ఊడలేదు.

2026 జనవరి 4న మా భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయంలో తొలి విమానం దిగిననాడు నేనూ చప్పట్లు కొట్టాను. దిగింది కదా, ఎందుకు కొట్టను? ఆ తోక దగ్గరే ఒళ్లు మండింది. సరే, అర్హత అడుగుతున్నది సర్కారే కాబట్టి, అర్హతంటే ఏమిటో సర్కారు పుస్తకంలోనే చూద్దామని కూర్చున్నాను.

ఢిల్లీలో ఒక మండలి ఉంది. జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి. ముద్దుపేరు ఎన్‌సీవీఈటీ. 2018 డిసెంబరులో గెజిట్‌లో పుట్టింది, 2020 ఆగస్టులో నడక నేర్చింది. అంతకుముందున్న రెండు సంస్థలు ఇందులోనే కలిసిపోయాయి. ఇది పాఠం చెప్పదు. సర్టిఫికెట్లిచ్చే సంస్థల్ని, పరీక్షలు పెట్టే సంస్థల్ని గుర్తిస్తుంది, వాటి మీద కన్నేసి ఉంచుతుంది. మేస్త్రికి మేస్త్రి అన్నమాట. ఏ పని ఏ మెట్టు మీద కూర్చోవాలో చెప్పే నిచ్చెన కూడా దీని చేతిలోనే ఉంది. 2013లో నిచ్చెన వేసినప్పుడు పది మెట్లు. 2023లో ఎనిమిది చేశారు. చేసి, మధ్యలో అరమెట్లు దిగ్గొట్టారు: రెండున్నర, మూడున్నర, నాలుగున్నర, ఇలా. ఐదో తరగతి ఒకటో మెట్టు, పదో తరగతి మూడో మెట్టు, పీహెచ్‌డీ ఎనిమిదోది.

ఇదంతా మా మావకి చెప్పాను. మావది ముడసర్లపేట. అంటే, ఒకప్పుడు. ముడసర్లపేట, మరడపాలెం, బొల్లింకలపాలెం, రెల్లిపేట విమానాశ్రయంలోకి వెళ్లిపోయాయి. మావ పునరావాస కాలనీలోకి వెళ్లిపోయాడు.

"రెండున్నరంటే ఏటి అల్లుడా? రెండు పాసైపోయి, మూడోది సగంలో మానీసినట్టా?"

"కాదు మావా. రెండుకి ఎక్కువ, మూడుకి తక్కువ."

"మరదే కదా నానన్నాది."

వాదించలేకపోయాను. పుస్తకం తిరగేశాను. అందులో లేని పని లేదు. విమానంలోకి సామాను ఎక్కించేవాడున్నాడు. సముద్రంలో చేప పట్టి, ఒడ్డున శుభ్రం చేసేవాడున్నాడు. కొబ్బరిచెట్టు ఎక్కేవాడికైతే ఏకంగా 'కొబ్బరిచెట్టు మిత్రుడు' అని పేరు పెట్టారు. మా వైపు తాతల నాటి నుంచి చెట్లెక్కి కాయలు దింపుతున్నవాణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లే తక్కువ, మిత్రుడన్నవాళ్లు అసలే లేరు. ఢిల్లీకి దండం పెట్టుకున్నాను.

ఎంత వెతికినా ఒక్క పని మాత్రం దొరకలేదు. మా మండలంలో 2015 నుంచి పేటలకి పేటలు పూర్తికాలం చేస్తున్న పని. నిర్వాసితుడు.

ఇంత పెద్ద లోటు ఎలా మిగిలిపోయిందో! అందుకని నేనే ఒక క్వాలిఫికేషన్ ప్యాక్, అంటే ఆ పనికి ఏం రావాలో చెప్పే కాగితం, తయారుచేశాను. మండలి వారికి పంపుదామని. పని పేరు: నిర్వాసితుడు, జనరల్. రంగం: విమానయానం, గ్రౌండ్ విభాగం. విమానాశ్రయాల్లో గ్రౌండ్ స్టాఫ్ అంటారు కదా, వాళ్లు గ్రౌండ్ మీద పనిచేస్తారు. వీళ్లు గ్రౌండే ఇచ్చారు, సీనియర్లు. ప్రవేశానికి కావలసింది: ఒక ఇల్లు గానీ, కాస్త తోట గానీ, రన్‌వే గీత కింద పడి ఉండాలి. లెవెల్ రెండున్నర. మూడు ఇద్దామనుకున్నాను గానీ, మనిషి ఊళ్లోనూ లేడు, ఊరు విడిచీ పోలేదు. అరమెట్టు వాడికోసమే కనిపెట్టినట్టుంది.

ప్రమాణాలు కూడా రాశాను. ప్రమాణాలు లేకపోతే మండలి ఒప్పుకోదు. మొదటి యూనిట్, అంకెలు వినుట. పదిహేను వేల ఎకరాలన్నప్పుడు అభ్యర్థి గుండె ఆగకూడదు. ఐదు వేల చిల్లర అన్నప్పుడు ఊపిరి పీల్చుకోవాలి. రెండు వేల చిల్లర అన్నప్పుడు సంతోషించాలి. ఆ సంతోషం తగ్గకముందే ఇల్లు ఖాళీ చేయాలి. రెండో యూనిట్, శంకుస్థాపనలు చూచుట. 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి గారు వేశారు. 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి గారు వేశారు. విమానాశ్రయం ఒకటే. రెండోసారి కూడా మొదటిసారి చూస్తున్నంత ఆశ్చర్యంగా చూడగలగాలి. ప్రాక్టికల్స్‌లో మార్కులన్నీ దీనికే. ఎలక్టివ్‌గా ధర్నా గానీ కోర్టు గానీ తీసుకోవచ్చు. చురుకైనవాళ్లు రెండూ తీసుకున్నారు. ఇవిగాక వ్యక్తిత్వ వికాసం ఒక పేపరు: "మీ త్యాగం మరువలేనిది" అని వేదిక మీద నుంచి వినపడినప్పుడు తల వంచుకుని, నవ్వు రాకుండా నిలబడుట. చాలామంది ఇక్కడే పోయారు.

అసలు పసందు క్రెడిట్ల దగ్గరుంది. సర్కారు లెక్క ప్రకారం ముప్పై గంటలు నేర్చుకుంటే ఒక క్రెడిట్. ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. మామూలు చదువు సంగతి అది. నిర్వాసితుడి ప్రధాన పాఠ్యాంశం ఎదురుచూడ్డం. దానికి ఆదివారం లేదు, దసరా సెలవుల్లేవు, నిద్రలో కూడా తరగతి నడుస్తూనే ఉంటుంది. రోజుకి 24 గంటల లెక్కన ఏడాదికి 8,760 గంటలు. ముప్పైతో భాగించండి: 292 క్రెడిట్లు. పదేళ్లకి 2,920. మామూలు విద్యార్థి ఇన్ని క్రెడిట్లు తెచ్చుకోవాలంటే 73 ఏళ్లు బడికెళ్లాలి. ఆ క్రెడిట్లని లెవెల్‌తో హెచ్చిస్తే పాయింట్లొస్తాయి. రెండున్నరతో హెచ్చించాను. 7,300. కాగితం పట్టుకుని కాలనీకి పరిగెత్తాను.

"మావా! నీకు డెబ్బై మూడేళ్ల చదువుంది!"

"నా వయసే అంత లేదు కదరా."

"అదే గొప్ప. ఈ క్రెడిట్లు దాచుకోవడానికి బ్యాంకు కూడా ఉంది. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని."

మావ కాసేపు ఆలోచించాడు. "అందులో ఏస్తే, దాని మీద అప్పిస్తాడేటి?"

ఇవ్వడన్నాను. మావకి ఆసక్తి పోయింది. పోనీ, పరీక్షయినా చెబుదామని కూర్చోబెట్టాను. సర్కారులో ఒక మంచి పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. పని ముందే వచ్చినవాణ్ని మళ్లీ బల్ల మీద కూర్చోబెట్టకుండా, కాస్త పరిచయం చేసి, పరీక్ష పెట్టి, కాగితం చేతికిస్తారు. నిజంగానే మంచి ఆలోచన. చదువు బళ్లోనే ఉంటుందనుకునే దేశంలో ఆ మాత్రం ఒప్పుకోలు తక్కువేం కాదు. మావలాంటి వాడికి అచ్చంగా సరిపోతుంది. అసెసర్ పై ఊరి నుంచి వస్తాడు. చేతిలో ట్యాబ్. నేనే అసెసర్ననుకో మావా అని మొదలుపెట్టాను.

"కొబ్బరిచెట్టు ఎక్కి చూపించు."

"ఏ సెట్టు బాబూ?"

"మీ తోటలోది."

"అది రన్‌వే కింద ఉన్నాది. తవ్విస్తే ఎక్కుతాను."

ట్యాబ్‌లో 'పరికరాలు అందుబాటులో లేవు' అని నొక్కాను.

"జీడిపిక్క కాల్చి గుండు పగలకుండా తీయగలవా?"

"పిక్కెక్కడిది? తోటుంటే కదా పిక్కుంటాది."

మళ్లీ నొక్కాను. "పోనీ వేట? సముద్రం ఉంది కదా?"

"సముద్రం ఉన్నాది. దాన్నింకా సర్వే సేసినట్టు లేదు."

దీనికి ట్యాబ్‌లో గడి లేదు. చివరి మెట్టు: ఫొటో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. నేను వేళాకోళానికే అడిగాను. మావ నిజంగానే లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చాడు. అందులో పదేళ్ల కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పుస్తకం, అఫిడవిట్లు, కరెంటు బిల్లు. కరెంటు బిల్లు ఏ ఇంటిదో మీకు తెలుసు. పాస్‌బుక్కు అన్నిటికీ పైనుంది. ఖాతా నంబరు తనే పెన్నుతో దిద్దుకుని మరీ ఉంచుకున్నాడు.

"పేరులో ఒక అచ్చరం తేడా వొచ్చిందని మూడు నెల్లు తిప్పినారు అల్లుడా. ఆపీసుకీ బ్యాంకుకీ. అందుకే ఇది తలగడ కింద ఎట్టుకుంటాను."

నేను ట్యాబ్ మూసేశాను. లేని ట్యాబే అనుకోండి.

మావకి తెలియని సంగతి ఒకటుంది. ఏ ఏడాది మా భూములకి నోటిఫికేషన్ వచ్చిందో అదే 2015లో, జులై 15న, దేశానికంతటికీ నైపుణ్యం నేర్పుతామని ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన పుట్టింది. రెండూ ఒక ఈడువే. ఆ పథకం 2022 దాకా నడిచిన తీరు మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. రెండో విడత, మూడో విడత కలిపి చూస్తే, శిక్షణ పొందారంటున్నవాళ్లలో నూటికి 94 మందికి పైగా బ్యాంకు ఖాతా గడిలో సున్నా ఉంది, లేదా ఏమీ లేదు. నింపిన కాసిన్ని గడుల్లో కూడా ఒకే నంబరు పలువురికి. కొన్ని ఖాతాల నంబరేమిటో తెలుసా? వరసగా పదకొండు ఒకట్లు. ఒకే ఫొటో పలువురు అభ్యర్థుల ముఖమైంది.

భూమి తీసుకునేటప్పుడు అక్షరం తేడా వస్తే మూడు నెలలు తిప్పిన రాజ్యం, చదువు చెప్పేటప్పుడు పదకొండు ఒకట్లని మనిషిగా ఒప్పుకుంది. మా మావ కొబ్బరిచెట్లు లెక్కపెట్టడానికి మనుషులొచ్చారు, రంగు డబ్బాలతో నంబర్లేశారు, కాయ కాసేదెన్ని, కాయనిదెన్ని అని విడివిడిగా రాసుకున్నారు. మావ కొడుకేం చదివాడు, కూతురికేం వచ్చు, వాళ్లకి ఏం నేర్పితే ఇదే గేటు లోపల పనికొస్తారు అని ఒక్కడూ రాసుకోలేదు. రెండు మెట్ల మధ్య అరమెట్టు చెక్కే ఓపికుంది. ఖాతా గడిలో అంకె చూసే ఓపిక లేదు. ప్రమాణాలట, ప్రమాణాలు! ప్రమాణం కొలిచే గజంబద్ద పేదవాడి ఒంటి మీదే ఎందుకు పడుతుంది ఎప్పుడూ?

2015లో మరడపాలెంలో ఐదో తరగతి చదివిన పిల్లకి ఇప్పుడు ఇరవై దాటింది. పదేళ్లు. ఆ పదేళ్లలో మీరు కాగితాలు కదిపారు, కోర్టులకెళ్లారు, రెండుసార్లు కొబ్బరికాయ కొట్టారు, 3.8 కిలోమీటర్ల రన్‌వే పోశారు. రన్‌వే రెడీ. పిల్ల రెడీ కాదు, అర్హత లేదు! మధ్యలో ఏ ఒక్క ఏడాదైనా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంటే ఈపాటికి విమానం మరమ్మతు చేసే పని నేర్చుకుని ఆ గేటు లోపల ఉండేది. అర్హత లేనిది ఎవరికి? పరీక్ష తప్పింది ఎవరు? పదేళ్ల గడువున్నా పాఠం చెప్పనివాడు, ఇప్పుడొచ్చి పరీక్ష పెడుతున్నాడు, పైగా ఫెయిలయ్యావంటున్నాడు.

విమానయాన చదువులకి మాన్సాస్ ట్రస్టు భూమిలో ఎడ్యుసిటీ కడతామని 2025 డిసెంబరులో విశాఖలో ఒప్పందం చేసుకున్నారు. మంచిదే. కట్టండి. ఆ గేటు దగ్గర కూడా ఈ తోకే వేలాడదీస్తారా అన్నది నా భయం.

నా క్వాలిఫికేషన్ ప్యాక్ మండలికి పంపడం మానుకున్నాను. పంపితే ఆమోదిస్తారేమోనని భయం కూడా ఉందనుకోండి. దాని బదులు వేదికల మీద మాట్లాడేవారికి ఒక చిన్న కాగితం అడుగుతున్నాను. విమానాశ్రయంలో ఏ ఉద్యోగాలున్నాయి, ఒక్కోటి ఎన్ని, దేనికి ఏ లెవెల్ కావాలి, ఆ శిక్షణ ఏ ఊళ్లో, ఏ తేదీన మొదలవుతుంది, ఎన్ని సీట్లు ఈ నాలుగు ఊళ్ల పిల్లలవి. ఈ ఆరు సంగతులు రాసి, కింద సంతకం చేసి, పునరావాస కాలనీలో గోడకి అంటించండి. తెలుగులో రాయండి. మావ ఐదో తరగతి పాసయ్యాడు. చదువుకోగలడు.