మంచుదారికి వినకూడని సలహాలు

మా ఊరు కనకమామిడి. హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని మొయినాబాద్ దాటితే, చేవెళ్ల రాకముందే వస్తుంది. చిలుకూరు బాలాజీ మా మండలపు దేవుడే. వీసా కోరి 11 ప్రదక్షిణలు చేసి, అది చేతికొచ్చాక 108 తిరిగి మొక్కు తీర్చుకుని విమానమెక్కే పిల్లలను చూస్తూ పెరిగాను. నేనూ అట్లాగే ఎక్కాను. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. ఇక్కడ చలికాలం రాగానే మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కు సంపాదించి, సుమారు 200 మైళ్ల దూరంలోని టాహో సరస్సుకు మంచు చూడబోతారు. బయల్దేరేముందు తలా ఒక సలహా చెబుతారు. చెప్పేవాళ్లది మంచి మనసే. కానీ ఆ సలహాల్లో కొన్ని బండిని లోయలోకి తోసేవి. అవేమిటో, ఎందుకు వినకూడదో మన పిల్లలకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు వినపడేది ఇది: "ఫోర్‌వీల్ ఉంది కదా, టైర్లకు గొలుసులెందుకు?"

ఈ మాట నేనూ నమ్మాను. నాయిన మొదటిసారి నా దగ్గరికి వచ్చిన చలికాలంలో ఒక దోస్తు పికప్ అడిగి తీసుకుని ఐ-80 మీద డానర్ సమ్మిట్ వైపు పోయాం. చెక్‌పాయింట్ దగ్గర గొలుసులున్నాయా అని అడిగితే ఉన్నాయన్నాను. లేవు. 7,200 అడుగుల పైకి ఎక్కుతున్నా బండి ఎక్కడా తడబడలేదు. సమ్మిట్ దాటి దిగుడు మొదలయ్యాక ముందున్న లారీ ఎర్ర లైట్లు వెలిగాయి. బ్రేకు తొక్కాను. పాదం కింద పెడల్ గడగడ వణికింది, బండి మాత్రం ఆగలేదు. చప్పుడు లేకుండా జారుతూనే ఉంది. చేసేదేం లేక స్టీరింగ్ తిప్పి రోడ్డు పక్క మంచుగుట్టలోకి పోనిచ్చాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నాయిన దిగి, టైరు ముందు గొంతుకూర్చుని, దాని మీద చెయ్యిపెట్టి చూశాడు. నలభై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. "కరిగెట్లకు ట్రాక్టర్‌ను దించేటప్పుడు మనం ఏం కడతం రా? దీనికి కేజీవీల్స్ ఏవి?" అన్నాడు. బురద పొలంలో పట్టు కోసం ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప చక్రాల మాట అది. నేను ఫోర్‌వీల్ సంగతి చెప్పబోయాను. "నాలుగు చక్రాలు తిరుగుతయి, నిజమే. తిరిగితే ముందుకు పోతది. మరి ఆగుడెట్ల?"

నేను ఇంజినీరింగ్ చదివాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఫోర్‌వీల్ చేసే పని ఒక్కటే, ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకు పంచడం. అది కదలడానికి, ఎక్కడానికి. బ్రేకు సంగతి వేరు. ఇంజిన్ బలం రెండు చక్రాలకే అందే టూవీల్ కారుకైనా ఫోర్‌వీల్ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే పొడి తారు మీద ఉజ్జాయింపుగా 9 మీటర్లలో ఆగే బండికి, అణిగి గట్టిపడిన మంచు మీద 30 మీటర్లు దాటుతుంది. నున్నటి మంచుగడ్డ మీద 60 మీటర్లు కూడా చాలవు. అందులోనూ బాగా చలిగా ఉన్న గడ్డ కన్నా సున్నా డిగ్రీల దగ్గర కరగడానికి సిద్ధంగా ఉన్న గడ్డే ఎక్కువ జారుతుంది. ఎండ వచ్చింది కదా అని వేగం పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఫోర్‌వీల్ ఇచ్చే ధైర్యమే దిగేటప్పుడు ప్రమాదమవుతుంది. టూవీల్ కారు కొండ కిందనే చక్రం ఊరికే తిరిగి నిలబడిపోయి డ్రైవరును హెచ్చరిస్తుంది. ఫోర్‌వీల్ హెచ్చరించకుండా కొండ పైదాకా తీసుకుపోతుంది.

"ఫోర్‌వీల్‌కు చట్టమే మినహాయింపు ఇచ్చింది" అని వాదించేవాళ్లు ఆ చట్టాన్ని సగమే చదివారు. కాలిఫోర్నియాలో మంచుదారుల మీద గొలుసుల నిబంధనకు మూడు మెట్లుంటాయి. ఆర్-1, ఆర్-2లో ఫోర్‌వీల్ బండి గొలుసులు కట్టకుండా పోవచ్చు, కానీ బండిలో గొలుసులు ఉండి తీరాలి. ఆర్-2లో అయితే నాలుగు టైర్లూ మంచుకు తగినవై కూడా ఉండాలి. ఆర్-3 పెడితే ఎవరికీ మినహాయింపు లేదు, అన్ని బండ్లూ కట్టాల్సిందే. ఆర్-3 దాకా రాకముందే తరచుగా దారి మూసేస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్నోక్వాల్మీ కనుమ దగ్గరా ఇదే తీరు: ఫోర్‌వీల్‌కు కట్టడంలో సడలింపు ఉన్నా, గొలుసులు వెంట ఉండాలి. మన దేశంలో మనాలి పోయే మిత్రులకు మాత్రం ఇంకో గందరగోళం ఉంది. మంచు పడినప్పుడు సోలాంగ్ నుంచి అటల్ టన్నెల్ వైపు ఫోర్‌వీల్ బండ్లనూ గొలుసులు కట్టిన బండ్లనూ మాత్రమే వదులుతుంటారు. "ఇదో అదో ఒకటుంటే చాలు" అని మన డ్రైవర్లు అర్థం చేసుకుంటారు. వదలడం పోలీసుల పని. దిగేటప్పుడు ఆపడం మీ పని.

రెండో సలహా: "అవసరం పడ్డప్పుడు కట్టుకుందాంలే."

అవసరం పడేది చీకట్లో, గాలిలో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, పక్కనుంచి లారీలు దూసుకుపోయే చోట. అప్పుడు పెట్టె తెరిస్తే గొలుసు పురి పడి, ఏ కొక్కెం ఎక్కడిదో తెలియక చేతులాడవు. గొలుసు టైరు సైజుకు సరిపోవాలి. టైరు పక్కన 265/70 ఆర్ 17 లాంటి అంకెలుంటాయి, పెట్టె మీద ఆ అంకెలే కనపడాలి. మనాలి దారిలో అద్దెకు తీసుకునేవాళ్లు ఇది తప్పక చూడాలి. దుకాణంవాడు "అవుతుంది" అంటే సరిపోదు. గొలుసును చిక్కు లేకుండా పరిచి, టైరు మీద కప్పి, ముందు లోపలివైపు కొక్కెం, తర్వాత బయటివైపు కొక్కెం తగిలించాలి. అడ్డగొలుసుల చివరనున్న కొక్కేల నోళ్లు టైరు వైపు కాకుండా బయటికి చూడాలి. లోపలికి చూస్తే ఆ ఇనుము టైరు పక్కగోడను గీరుతూనే ఉంటుంది. కట్టాక కొద్ది దూరం నడిపి, ఆగి, మళ్లీ బిగించాలి. మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది. ఐ-80 పక్కన డబ్బు తీసుకుని కట్టిపెట్టే మనుషులుంటారు, నంబరున్న బ్యాడ్జి పెట్టుకుంటారు. వాళ్లు గొలుసులు అమ్మరు, అద్దెకూ ఇవ్వరు. మీ దగ్గర లేకపోతే వాళ్లేమీ చేయలేరు.

ఈ గొలుసుల పుట్టుక కూడా చేతిపనే. బురదలో, మంచులో టైర్లు జారకుండా తాళ్లు చుట్టుకునే డ్రైవర్లను చూసి, న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటాకు చెందిన హ్యారీ వీడ్ 1904లో టైరు గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. మన కరిగెట్లలో ఇనుప చక్రం చేసే పనే అది: రబ్బరుకు దొరకని పట్టును ఇనుము కరిచి పట్టుకుంటుంది.

మూడోది: "ఏవో రెండు చక్రాలకు కడితే చాలు."

ముందు చక్రాలకే కట్టి కొండ దిగితే వెనకభాగం పక్కకు తిరిగి ముందుకొస్తుంది. వెనక మాత్రమే కడితే స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు నేరుగా జారిపోతాయి. ఫోర్‌వీల్ ట్రక్కుకు నాలుగూ కట్టడం మేలు, బండి తయారీదారు ఒప్పుకుంటే. ఈ షరతు చిన్నది కాదు. కొన్ని బండ్లలో ముందు చక్రానికీ బ్రేకు గొట్టానికీ మధ్య గొలుసు పట్టేంత జాగా ఉండదు. బండితో వచ్చిన పుస్తకంలో ఏ ఇరుసుకు కట్టాలో, ఎంత సన్నని గొలుసు వాడాలో రాసి ఉంటుంది. ఆ పేజీ ఇంట్లో ఉండగానే చదవండి. ఒకవైపు ఒక్క చక్రానికి కట్టడం మాత్రం ఏ బండికీ పనికిరాదు. అద్దె బండి అయితే గొలుసులకు అనుమతి ఉందో లేదో ఒప్పందంలో చూసుకుని తీసుకోండి.

"టైర్లలో గాలి తీసెయ్, పట్టు పెరుగుతుంది" అనేది ఇసుకకు చెల్లే మాట. గొలుసు కట్టిన టైరుకు గాలి తగ్గిస్తే గొలుసు వదులై, ఎగిరి, చక్రం పైరేకును కొడుతుంది. గాలి ఉండాల్సినంత ఉంచండి.

"మంచులో ఇరుక్కుంటే హీటర్ వేసుకుని పడుకో." ఇది విని నిద్రలోనే పోయినవాళ్లున్నారు. పొగగొట్టం మంచులో పూడుకుపోతే విషవాయువు బండిలోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యండి, ఒక అద్దం కొంచెం దించండి, ఇంజిన్‌ను గంటకు 10 నిమిషాలు మాత్రమే నడపండి.

ఇక చివరిది: "ఒకసారి కట్టినాక ఇల్లు చేరేదాకా విప్పకు. మళ్లీ ఎవడు కడతాడు?"

కనకమామిడిలో పెరిగినవాడికి ఈ తప్పు చెప్పకుండానే తెలియాలి. కేజీవీల్స్‌తో ట్రాక్టర్ తారు రోడ్డెక్కితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆ పట్టీలు తారును చెక్కుకుంటూ పోతాయి. అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు, రోడ్డు మీద ఆ గాట్లు కనపడుతూనే ఉంటాయి. నాయిన ఎంత పొద్దుపోయినా, బురద కాళ్లతోనే, గట్టు మీద బోల్టులు విప్పి చక్రాలు దించాకే బండిని రోడ్డెక్కించేవాడు. మంచు గొలుసుదీ ఇదే కథ. పొడి తారు మీద ఇనుముకు పట్టు తక్కువ, బండి రబ్బరు మీద ఆగినంత బాగా ఆగదు. గొలుసు అరిగి తెగుతుంది, తెగిన ముక్క బ్రేకు గొట్టాన్ని కొడుతుంది. గొలుసులున్నంతసేపూ గంటకు 25 నుంచి 30 మైళ్లు దాటకండి. టకటకమని కొత్త చప్పుడు వినపడగానే ఆగండి. మంచు అయిపోయిందా, చోటు చూసి విప్పెయ్యండి. లీవరుతో వేసే ఫోర్‌వీల్ అయితే పొడి రోడ్డు మీద దాన్నీ తీసెయ్యండి, లేకపోతే మలుపుల్లో గేర్లు ఒకదాన్నొకటి గుంజుకుని పాడవుతాయి.

మా మేనల్లుడు సియాటిల్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. వాడికి నేనే గొలుసులు కొనిచ్చాను. వాడుండే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, పొడి నేల మీద, గోనెసంచి పరిచి మోకాళ్ల మీద కూర్చోబెట్టి కట్టించాను. మొదటిసారి దాదాపు గంట పట్టింది, రెండోసారి సగం. మూడోసారి రాత్రిపూట, తలకు లైటు పెట్టి, చేతికి తడి గ్లౌజులు తొడిగి కట్టించాను. విసుక్కున్నాడు. కట్టాడు.

మొన్న స్నోక్వాల్మీ కనుమ ముందు ఆగి ఫోన్ చేశాడు. కట్టేశానన్నాడు.

"కొక్కేలు ఎటు చూస్తున్నాయిరా?" అన్నాను.

"బయటికే, మామా."