సుబేదార్ సాబ్ మౌత్‌పీసు

అల్వాల్, లోతుకుంట, బొల్లారం కాలనీల్లో ఫౌజీ బ్యాండు నుంచి రిటైరై స్థిరపడ్డవాళ్లలో బేసు, అంటే ట్యూబా, వాయించినవాడిది వేరే జాతి. హవల్దారుగా దిగిపోయినా కాలనీకి అతను సుబేదార్ సాబే. క్లారినెట్ వాయించినవాడు రిటైరయ్యాక పిల్లలకు పాఠాలు చెప్పుకుంటాడు. డ్రమ్ము వాయించినవాడు కాలనీ సంఘానికి కార్యదర్శి అవుతాడు. ట్యూబా వాయించినవాడు మాత్రం మౌత్‌పీసు వెతుకుతాడు. పెన్షను చేతికందిన నెలలోనే మొదలయ్యే ఈ వెతుకులాట ముగిసిన దాఖలా ఇంతవరకు లేదు.

ట్యూబా పుట్టింది బెర్లిన్‌లో. విల్‌హెల్మ్ వీప్రెష్ట్ అనే సైనిక బ్యాండు పెద్ద, మోరిట్జ్ అనే వాద్యాల తయారీదారు కలిసి 1835 సెప్టెంబరు 12న దానికి పేటెంటు పొందారు. అంటే పుట్టుకతోనే అది ఫౌజీ వాద్యం. పెద్ద బి-ఫ్లాట్ ట్యూబాలో చుట్టలు చుట్టుకున్న గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 18 అడుగులుంటుంది. అంత గొట్టానికి మొదట్లో మూడంగుళాల పైచిలుకు ఇత్తడి ముక్క ఒకటి, అదే మౌత్‌పీసు, దాని మీద ఆనించిన రెండు పెదవులు. కింది బి-ఫ్లాట్ పలకాలంటే ఆ పెదవులు సెకనుకు 58 సార్లు కొట్టుకోవాలి. సర్వీసులో ఉన్నన్నాళ్లు వాద్యం రెజిమెంటుది, డ్రెస్సు రెజిమెంటుది, వాయించే పాట కూడా రెజిమెంటుదే. ‘నాది’ అని జేబులో వేసుకోగలిగింది మౌత్‌పీసు ఒక్కటే. ఈ మనిషి పిచ్చికి మూలం బహుశా అక్కడే ఉంది.

ఇంట్లో ఉన్న వాద్యం, మూతబడ్డ పెళ్లి బ్యాండు వాళ్ల దగ్గర బేరమాడి కొన్నది. ఊరేగింపుల్లోకి డీజే బండ్లు వచ్చాక ఇలాంటివి చవగ్గా దొరుకుతున్నాయి. దేశంలో ఇత్తడి బాజాలకు పుట్టినిల్లు మీరట్‌లోని జలీ కోఠీ. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. మీరట్ వాద్యం మొండిది, సొట్టపడితే కొట్టి సరిచేయొచ్చు. అయితే దాని నాదంలో ఏ లోపం కనిపించినా సుబేదార్ సాబ్ వాద్యాన్ని అనడు, తన ఊపిరినీ అనడు. తప్పంతా మౌత్‌పీసుదే.

అతనికి కావలసినవి రెండే. నాదం నిండుగా, గుండ్రంగా, నేలలోంచి వచ్చినట్టు ఉండాలి. పలుకు స్పష్టంగా ఉండాలి, నాలుక తగిలిన క్షణానే స్వరం మొదలవ్వాలి. ఈ రెండూ ఒకే ముక్కలో పూర్తిగా దొరకడం కష్టం. ఆ సంగతి అతనికీ తెలుసు. పొరుగువాడికి చక్కగా వివరిస్తాడు కూడా, వివరించి మళ్లీ వెతుకుతాడు.

మౌత్‌పీసులో అసలు విషయమంతా గిన్నెది. గుండ్రటి గిన్నెలో గాలి అడ్డు తగిలి మలుపు తిరుగుతుంది; అందుకే స్వరం మొదలు తెగినట్టు వినిపిస్తుంది, నాదం కాస్త మెరుస్తుంది. గరాటులా వాలుగా దిగే గిన్నెలో నాదం ముదురుగా, వెడల్పుగా పరుచుకుంటుంది, కానీ వేగంగా వాయిస్తే స్వరాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. రెండో రకానికి పేరు మోసినది హెలెబర్గ్ నమూనా. అమెరికాలోని సూసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెలెబర్గ్ పేరు మీద వచ్చింది. లోతు పెరిగితే కింది స్వరాలకు బలం, తగ్గితే పలుకుకు పదును. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలన్నది వాయించే చోటు మీద కూడా ఆధారపడుతుంది. ఎత్తైన కప్పు, ప్రతిధ్వని ఉన్న చర్చిలో పలుకు దానంతటదే మసకబారుతుంది కాబట్టి అక్కడ గుండ్రటి గిన్నె మేలు. పరుపులూ తెరలూ ఉన్న చిన్న గదిలో గరాటే హాయి. సుబేదార్ సాబ్ వాయించేది మెట్ల కింద. ఆ చోటికి సరిపోయే గిన్నె ఏ కేటలాగులోనూ లేదు.

అంచు సంగతి ఇంత లోతైనది కాదు గాని దీన్నే మొదట తేల్చుకోవాలి. వెడల్పు అంచు ఒత్తిడిని పంచి పెదవుల్ని ఎక్కువసేపు నిలబెడుతుంది. లోపలి కొస పదునుగా ఉన్న అంచు స్వరాన్ని శుభ్రంగా మొదలుపెడుతుంది, పెదవుల్ని త్వరగా అలసిపోయేలా చేస్తుంది. పెదవికి ఒకసారి కుదిరిన అంచును వదలకుండా గిన్నెల్ని మాత్రమే మార్చి చూడటం తెలివైన పద్ధతి. ఇతను రెండూ ఒకేసారి మారుస్తాడు, ఏది ఏం చేసిందో తెలియక మూడోది తెప్పిస్తాడు.

కొలతలైతే నోటికే వచ్చు. బాక్ కంపెనీ 18వ నంబరు గిన్నె వెడల్పు 32.6 మిల్లీమీటర్లు, 24ఏడబ్ల్యూ 31.25. నంబరు పెరిగితే గిన్నె చిన్నదవుతుందన్న తిరకాసును కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు అతని మొహంలో వెలుగు చూడాలి. మనుమడి పుట్టినరోజు మాత్రం ఇంట్లోవాళ్లు గుర్తుచేయాలి.

గొంతు, అంటే గిన్నె అడుగున ఉన్న రంధ్రం, పెద్దదైతే గాలి ధారాళంగా పోతుంది, శబ్దం పెరుగుతుంది, ఊపిరి కూడా అంతే ధారాళంగా ఖర్చవుతుంది. అరవై దాటినవాడు కాస్త చిన్న గొంతు ఎంచుకుంటే ఆ అడ్డు ఊపిరికి ఆసరా అవుతుంది. ఇతను పెద్దదే కొంటాడు. బీపీ మాత్ర వేసుకుని ఊదుతాడు. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ అతనికి దేవుడు. ఊపిరితిత్తుల శక్తి బాగా తగ్గినా నిండుగా వాయించిన మనిషి జేకబ్స్. మనసులో పాట, నోట్లో గాలి, ఈ రెండూ ఉంటే మిగతావి వాటంతటవే కుదురుతాయన్నది ఆయన బోధ. సుబేదార్ సాబ్ ఆ బోధనంతా భక్తిగా విని ఒక్కటే అడుగుతాడు, ఆయన ఏ మౌత్‌పీసు వాడేవాడని.

పరీక్ష ఆదివారం పొద్దున జరుగుతుంది. ముందు సాగదీసిన స్వరం, తర్వాత నెమ్మదిగా సరళి, తర్వాత నాలుకతో ట-ట-ట అంటూ ముక్కలు. అవే మళ్లీ మెల్లగా, మళ్లీ గట్టిగా. క్రమం సరైనదే. చిక్కల్లా వినేవాడితో. ట్యూబా నోరు పైకి తిరిగి ఉంటుంది కనుక నాదం కప్పుకు తగిలి గదంతా పరుచుకుంటుంది. వాయించేవాడికి పెదవుల దగ్గరి గరగరే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి తీర్పు దూరంగా ఉన్నవాళ్లు చెప్పాలి. ఆ దూరంలో ఉన్నది వంటింట్లో పోపు వేస్తున్న భార్య.

“ఏమోయ్, ఇది బావుందా, ఇందాకటిదా?”

“రెండూ ఒకటేనండీ.”

“సరిగ్గా విను. ఇందులో పలుకు తేటగా లేదూ?”

“పాలవాడు పిలిస్తే వినిపించలేదు. ఆ మాత్రం తెలిసింది.”

శాస్త్రం ప్రకారం చూస్తే ఆవిడ తీర్పే నమ్మదగ్గది. అతను నమ్మడు. కొత్త మౌత్‌పీసు రాగానే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఊదుతాడు, అందుకని నాలుగు రోజులు నిజంగానే బాగా పలుకుతుంది. తర్వాత పాత అలవాట్లు వచ్చి చేరతాయి. కొత్తొక వింత, పాతొక రోత. మళ్లీ పార్సిల్.

ఇంత వెక్కిరించాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. డిసెంబరులో కేరల్స్ బృందం వీధులు తిరిగేటప్పుడు అందరికంటే ముందు వచ్చి నిలబడేది ఇతనే. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా, హడావిడిలో ఏ మౌత్‌పీసు తెచ్చాడో చూసుకోకుండా, పాట ఎత్తుకోగానే కింది స్వరం పడుతుంది. వినేవాళ్లకు అది చెవికంటే ముందు పక్కటెముకల్లో తెలుస్తుంది. ఆ రోజు నాదమూ ఉంటుంది, పలుకూ ఉంటుంది. ఇంటికెళ్లాక ఆ ముక్క నంబరు రాసుకుంటాడు. మర్నాడు మెట్ల కింద అది పనిచేయదు.

మౌత్‌పీసు భాగాల్లో చివరిది కాడ, వాద్యంలోకి దిగేది. దీనికి అమెరికా కొలత ఒకటి, యూరప్ కొలత ఒకటి. మీరట్ వాద్యానికి రెండూ సరిగ్గా కూర్చోకపోవచ్చు. వదులైతే పలుకు చెడుతుంది, బిగిస్తే ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నదాన్ని సుత్తితో కొట్టకూడదు. ఊడదీయడానికి ప్రత్యేకమైన పరికరం ఉంది. వదులుదానికి బ్యాండు కుర్రాళ్లు కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపు చుడతారు.

పక్కన పెట్టిన మౌత్‌పీసులు చివరికి ఆ కుర్రాళ్లకే చేరతాయి. ఒకడు టేపు చుట్టుకుని, నంబరు చూడకుండా, ఆషాఢం బోనాలకూ శ్రావణం పెళ్లిళ్లకూ దాంతోనే వాయించేస్తాడు. ఒక సాయంత్రం ఊరేగింపు వీధి మలుపు తిరుగుతుంటే బేసు గేటు దాకా వినిపిస్తుంది. సుబేదార్ సాబ్ లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, ఊరేగింపుతో పాటు నాలుగిళ్లు నడిచి, పాట ఆగగానే కుర్రాడి భుజం మీద చెయ్యి వేస్తాడు: “బేటా, అది ఒక్కరోజు ఇవ్వు. చూసి ఇచ్చేస్తా.”