కునుకు తీస్తే కొంప కొల్లేరే

డ్రాగన్‌తో నాకు పేచీ లేదు. అది ఎక్కడో కొండగుహలో బంగారం మీద పడుకుని ఉంటుంది. మనం చద్దిమూట కట్టుకుని, పనిగట్టుకుని వెళ్లి లేపితేనే లేస్తుంది. లేచి మీద పడిందంటే సగం తప్పు మనదే. నాకు భయమల్లా కాలు కదపకుండానే చేరుకునే చోటంటే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో అలాంటిది ఒకటుంది. దాని పేరు డాల్ క్వోర్. కలల లోకం. తల దిండుకు ఆనిందా, వెళ్లిపోయినట్టే.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974 నుంచి ఉన్న ఆట ఇది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, అతన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. కత్తి తగిలిందా లేదా, తలుపు తెరుచుకుందా లేదా, అన్నీ ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మా ఇంట్లో ఆ మాస్టర్ మా మేనల్లుడు. ఆదివారం భోంచేసి నడుం వాలుద్దామనుకుంటున్న నన్ను పట్టుకుని, "మామయ్యా, ఒక చెయ్యి తక్కువైంది, రావా" అన్నాడు. చెయ్యి తక్కువైందని పిలిస్తే వెళ్లకపోవడం మా వంశంలో లేదు. పేకకి మా నాన్నా అలాగే వెళ్లేవాడు.

వెళ్లాక ఆటలో నాకు బాగా నచ్చింది ఒక్కటే, నిద్ర. కడుపులో ఈటె దిగినా, ఓగర్ అనే రాక్షసుడు గదతో మోదినా, 8 గంటలు పడుకుంటే పోయిన ప్రాణమంతా తిరిగొచ్చేస్తుంది. దీనికి లాంగ్ రెస్ట్ అని పేరు. ఇంత చౌక వైద్యం చరకుడు కూడా రాయలేదు. అందుకే నేను వీరుణ్ని ఎంచుకున్నాను, మామూలు మనిషి జాతి. పగలంతా దెబ్బలు తినడం, రాత్రి పడుకోవడం. రెండూ నాకు అలవాటైన పనులే.

మిగిలిన ముగ్గురూ మేనల్లుడి స్నేహితులు, ఆటలో ఆరితేరినవాళ్లు. ఒకడు ఎల్ఫ్. ఒకడు వార్‌ఫోర్జ్‌డ్, అంటే కొయ్యా లోహం కలిపి యుద్ధం కోసం తయారుచేసిన మనిషి. మూడోది అమ్మాయి, కలష్టార్ అనే జాతి. ఎందుకు ఏరికోరి అవే పట్టుకున్నారో మొదటి రాత్రి తెలిసింది. ఎల్ఫ్ పడుకోడు, కాసేపు ధ్యానంలో కూర్చుని లేస్తాడు. వార్‌ఫోర్జ్‌డ్‌కి నిద్రే అక్కర్లేదు. కలష్టార్ పడుకుంటుంది గానీ ఆమెకు కలల లోకంతో సంబంధం తెగిపోయింది. మా జట్టు మొత్తంలో కలగనే యోగ్యత నాకొక్కడికే ఉంది.

"మామయ్యా, నీకు కలొచ్చింది" అన్నాడు మేనల్లుడు. మిగిలినవాళ్లు జాలిగా చూశారు.

ఈ లోకం పుట్టుక చెప్పాలి. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2002లో ఆటకు కొత్త ప్రపంచం కావాలని పోటీ పెట్టింది. సుమారు 11,000 ప్రతిపాదనలు వచ్చాయి, తొలి విడతలో ఒక్కోటి ఒక్క పేజీ. గెలిచినవాడు కీత్ బేకర్. అతని ఎబెరాన్ 2004లో పుస్తకమైంది. ఆ ప్రపంచం చుట్టూ తిరిగే 13 లోకాల్లో డాల్ క్వోర్ ఒకటి. 40,000 ఏళ్ల కిందట జెండ్రిక్ ఖండపు మహాకాయులు ఆ లోకంతో యుద్ధం చేసి లంకె తెంపేశారు. అప్పట్నుంచి అక్కడికి ఒంటితో వెళ్లే దారి లేదు, నిద్రలో మనసు వెళ్లాల్సిందే. ఆ గొడవలో ఆకాశంలో ఒక చందమామ కూడా పోయింది, 12 మిగిలాయి. వినాయక చవితినాడు ఒక్క చంద్రుణ్ని చూడకుండా తప్పించుకోలేక నీలాపనిందలు పడేవాళ్లం మనం. అక్కడి జనం ఎంత ఓర్చుకుంటున్నారో.

ఆ లోకంలో ఉండేవి క్వోరీలు. వీళ్లలో ఏ రసానికి ఆ శాఖ ఉంది. భయం త్సుకోరాలది. కోపం డ్యులోరాలది. సుఖం హషలాక్‌లది. వీళ్లందరికీ మూలం లోకం నడిబొడ్డున ఉన్న ఇల్-లష్టవార్ అనే మహాచీకటి. ఇంత బలగం ఉండీ క్వోరీలకు ఒక బెంగ ఉంది. యుగం తిరిగితే ఆ లోకమంతా కొత్తగా పుడుతుంది, ఇప్పుడున్న క్వోరీలు ఒక్కరూ మిగలరు. ఆ తిరుగుడు ఆపాలంటే మనుషుల కలలు మారకుండా చూసుకోవాలని వాళ్ల లెక్క. బదిలీ ఉత్తర్వు వస్తుందేమోనని ఫైలు కదలనివ్వని గుమాస్తాకీ, వీళ్లకీ తేడా నాకైతే కనిపించలేదు. లోకాన్ని నాశనం చేసి ఏలుదామనుకునే రాక్షసులను పురాణాల్లో చాలామందిని చూశాం. ఉన్నది ఉన్నట్టు ఉండాలని ప్రాణాలు తీసేవాళ్లు కొత్త, అందుకే వాళ్లంటే నాకు ఎక్కువ గుబులు.

నా కలకొద్దాం. పరీక్ష హాలు, పాము, ఊడిన పళ్లు వంటివి చెబుతాడనుకున్నాను. మేనల్లుడు నా రక్తమే కదా, సరైన చోట కొట్టాడు. పెళ్లి భోజనం. బంతిలో కూర్చున్నాను. గుత్తివంకాయ వస్తోంది. పక్క విస్తట్లో పడింది. వడ్డించేవాడు నా దగ్గరికొచ్చి, గిన్నెలోకి చూసి, వెనక్కి తిరిగాడు. పూర్ణాలు వచ్చాయి, మళ్లీ అంతే. నెయ్యి వచ్చింది, నా విస్తరి దాటి అవతలివాడికి పోశారు. "ఏవండీ!" అని పిలిచాను. వడ్డించేవాడు తిరిగి చూశాడు. తల చుట్టూ కళ్లు, చేతులకు డెక్కలు, వెనక తేలు కొండి. త్సుకోరా.

"విజ్డమ్ సేవ్ వెయ్యి" అన్నాడు మాస్టర్, అంటే మనసు నిలబడుతుందో లేదో పాచిక తేల్చాలి. పాచిక వేశాను. 3.

"భయపడ్డావు."

"భయమేమిట్రా, నాకు ఒళ్లు మండిపోతోంది!"

"అయితే డ్యులోరా శాఖకు బదిలీ అయ్యావు" అని, ఆ రాత్రి నిద్ర ఫలం దక్కలేదని రాసేశాడు. తెల్లారేసరికి ఈటె దిగిన కన్నం అలాగే ఉంది. ముగ్గురూ రాత్రంతా నా చుట్టూ కత్తులు దూసి కాపలా ఉన్నారట. కలలోకి కాపలావాడు ఎలా వస్తాడు?

ఆ మరుసటి వారం కథ సర్లోనా ఖండానికి మళ్లింది. అక్కడ రియెడ్రా అనే సామ్రాజ్యం ఉంది. పూర్వం కొట్టుకు చస్తున్న రాజ్యాల్లో క్వోరీలు కలల్లో దూరి తగువులు ఎగదోసి, ఆనక తామే శాంతిదూతల్లా మనుషుల ఒళ్లలో దిగి గద్దెనెక్కారు. ఊళ్లలో హన్‌బలానీ అనే పెద్ద స్తంభాలు నాటారు. వాటి పుణ్యమా అని ప్రజలకు రాత్రిపూట సర్కారు వారి కలే వస్తుంది.

"అందరికీ ఒకే కలా?"

"ఒకటే."

"పీడకలలుండవా?"

"ఉండవు మామయ్యా, అదే కదా ఘోరం."

నాకు ఘోరం కనిపించలేదు. పక్కింటివాడికి వచ్చిన కలే మనకూ వస్తే పొద్దున్నే వాడు కల చెబుతుంటే ఊ కొట్టాల్సిన పని లేదు. ఇదే అన్నాను. కలష్టార్ పాత్ర వేస్తున్న అమ్మాయి నిజంగానే నొచ్చుకుంది. ఆ జాతి పుట్టిందే ఈ చీకటిని కాదన్నవాళ్ల వల్ల. తరతాయ్ అనే క్వోరీ వెనక 67 మంది పారిపోయి వచ్చి, అదార్ కొండల్లోని సన్యాసుల ఒళ్లలో తలదాచుకున్నారు. చీకటి యుగం పోయి వెలుగు యుగం వస్తుందని వాళ్ల సంతతి ఇప్పటికీ ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయి ఇదంతా కళ్లలో నీళ్లతో చెబుతుంటే నేను నోరు మూసుకుని పకోడీ తిన్నాను.

మనలో మాట, ఈ జట్టుకు సరైన మనిషి లక్ష్మణస్వామి. 14 ఏళ్లు నిద్రాదేవిని దగ్గరికి రానివ్వలేదు, క్వోరీలు ఆయన గడప తొక్కలేరు. కానీ ఆయన వాటా కూడా పడుకున్న ఊర్మిళమ్మ సంగతేమిటి? 14 ఏళ్ల ఏకధాటి నిద్ర అంటే శాఖలన్నీ షిఫ్టులు వేసుకుని పనిచెయ్యాలి. ఆడవాళ్ల పాటల్లో ఆవిడ లేవగానే ఎదుటనున్న మగణ్ని గుర్తుపట్టక పరాయివాడనుకుని ఝాడించేసింది. డ్యులోరాలకు ఆవిడే పాఠం చెప్పి ఉంటుంది.

ఇంతలో నాకు మళ్లీ రాత్రయింది. ఈసారి వచ్చింది హషలాక్. మర్యాదస్తుడు. వాళ్లు మన ఒంట్లోకి దిగాలంటే మనం ఒప్పుకోవాలి, బలవంతం కుదరదు. కనక బేరం పెట్టాడు. ఒళ్లు ఇచ్చెయ్, రోజూ 8 గంటల సుఖనిద్ర, కలలో బంతి మొత్తానికి మొదటి వడ్డన నీకే.

"వద్దంకుల్!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. ఎల్ఫ్ బల్ల గుద్దాడు. వార్‌ఫోర్జ్‌డ్ నా పాచిక లాక్కోబోయాడు.

నేను తొందరపడలేదు. బేరం దగ్గర మనం ఆగి అడగాలి. "మధ్యాహ్నం కునుకు ఈ 8 గంటల్లోనేనా, వేరేనా?" అన్నాను.

మేనల్లుడు పుస్తకం తీశాడు. ఇంకా వెతుకుతున్నాడు.