జీపు గలదు: ‘అపథం’ అను వ్యాఖ్యతో

అవతారిక

మల్లినాథ సూరి మావాడేనని మెదక్ దగ్గరి కొలిచారం ప్రాంతంవాళ్లు ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య ‘సంజీవని’. భారవి కిరాతార్జునీయానికి రాసింది ‘ఘంటాపథం’. ఘంటాపథమంటే రాజమార్గం. ఇక్కడ వ్యాఖ్యానించబోయే వస్తువు రాజమార్గం కనబడగానే పక్కనున్న బురదలోకి దిగిపోయే జాతిది. అందుచేత ఈ టీకకు ‘అపథం’ అని నామకరణం చేయడమైనది.

మూలగ్రంథం ఒక అమ్మకపు ప్రకటన. కర్త హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాత మహీంద్రా జీపు కొని, మరకు మర విప్పి, మళ్లీ బిగించి, ఎత్తు పెంచి, రంగు మార్చి, చివరకు అమ్మకానికి పెట్టినవాడు. వారి మామగారు విశ్రాంత తెలుగు పండితులు కావడంతో ప్రకటన మొదటి సగం ఆటవెలదిలో పడింది. మిగతాది అల్లుడిగారి సొంత గద్యం.

మూలం

జీపు గలదు, దీని చేవ చూసినవారు
వేరు బండివంక వెళ్ళరింక;
ఇంజనంత కొత్త, యెక్కడా తుప్పులే
దొక్క చేతి బండి, ధోక లేదు.

గద్యం: 1988 మోడల్ మహీంద్రా 540, ఫోర్ బై ఫోర్. ఫుల్ రిస్టోరేషన్. 4 అంగుళాల లిఫ్ట్, 31 అంగుళాల మడ్ టైర్లు, వించ్, స్నార్కెల్, ముందు హెవీ బంపర్. పేపర్లు క్లియర్. పెట్టింది చాలా ఎక్కువ, అడిగేది చాలా తక్కువ. ధర ఆరున్నర, బండి చూశాక మాట్లాడుకోవచ్చు. టైంపాస్ చేసేవాళ్లు ఫోన్ చేయవద్దు.

ప్రతిపదార్థం

జీపు = జీపు; గలదు = ఉన్నది, అనగా ఇంకా పోలేదు; దీని చేవ = దీని సత్తువను; చూసినవారు = కన్నవారు (నడిపినవారు అనలేదని గమనించునది); వేరు బండివంక = మరొక బండి దిక్కునకు; వెళ్ళరు ఇంక = ఇకమీదట పోరు, పోదామన్నను చేత డబ్బు మిగలదు గనుక; ఇంజను అంత కొత్త = ఇంజను యావత్తు నూతనము; ఎక్కడా తుప్పు లేదు = చూపించిన చోట తుప్పు లేదని శేషము; ఒక్క చేతి బండి = ఒకే యజమాని వాడినది; ధోక లేదు = మోసము లేదు, అడుగక ముందే చెప్పుటచే శంకనీయము.

వ్యాఖ్య

ఇంజనంత కొత్త. ఇక్కడ మూడు పక్షాలున్నాయి. పాత ఇంజనునే లేతుపనికిచ్చి, బోరు చేయించి, పిస్టన్లూ రింగులూ బేరింగులూ మార్చి, పంపూ నాజిళ్లూ చూపించి బిగించారని మొదటి పక్షం. ఇదైతే ఉత్తమం. ఈ జీపుకు పుట్టుకతో వచ్చిన ప్యూజో డిజైను డీజిలు ఇంజను మొండిది, మర్యాదగా చూసుకుంటే తాతనుంచి మనవడి దాకా వస్తుంది. వేరే బండి ఇంజను తెచ్చి కూర్చోబెట్టారని రెండో పక్షం. అప్పుడు ఆర్సీ బుక్కులో ఉన్న ఇంజను నెంబరుకూ ఇనుము మీద కొట్టి ఉన్న నెంబరుకూ పొత్తు కుదరదు. పాత ఇంజనుకే వెండిరంగు కొట్టారని మూడో పక్షం. ఏ పక్షమో తేలాలంటే తెల్లవారుజామునే, ఇంజను చల్లగా ఉండగానే వెళ్లాలి. కొనడానికి వచ్చేసరికే ఓనరు బండి స్టార్టు చేసి వేడెక్కించి పెట్టాడంటే అతిథిమర్యాద అని పొంగిపోకూడదు. చలికి మొరాయించే డీజిలు ఇంజను గుట్టు అందులో దాగి ఉండవచ్చు.

ఎక్కడా తుప్పులే. మూడో పాదం ‘లే’ దగ్గర తెగి, ‘దు’ నాలుగో పాదంలోకి జారింది. ఛందస్సు కోసం అలా జరిగిందని మామగారి వాదన. వ్యాఖ్యాత ఒప్పుకోడు. ఆ పాదం దగ్గర ఆగి చదివితే “ఎక్కడా? తుప్పులే!” అని వినబడుతుంది. పండితుడి నాలుక సత్యానికి అలవాటు పడినది, అల్లుడి కోసం అబద్ధం చెప్పబోయినా పాదాంతంలో తడబడింది.

శాస్త్రం ఏమంటే, తుప్పు బాడీ మీద ఉంటే అది ముఖవర్ణన, చాసిస్‌లో ఉంటే ఆయుర్దాయం. బాడీకి టింకరింగు చేసి పుట్టీ పెట్టి రంగు కొడితే వారంలో పెళ్లికొడుకవుతుంది. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. రేకు మీద టక్కున అతుక్కునేది దళసరి పుట్టీ ఉన్నచోట జారి పడుతుంది. చాసిస్‌కు మాత్రం కిందికి దూరాలి, స్పానరుతో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్న ఇనుము దగ్గినట్టు మాట్లాడుతుంది. కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల దగ్గరా, అతుకుల దగ్గరా ముఖ్యంగా చూడాలి. ప్రకటనకు పద్నాలుగు ఫొటోలు జతచేసిన కవి బండి కిందినుంచి ఒక్కటి కూడా తీయలేదు. అమ్మకపు ప్రకటనల్లో అసలు ధ్వని అంతా ఇలా లేనిచోటే ఉంటుంది.

ఒక్క చేతి బండి. 1988లో పుట్టిన జీపు ఒకే చేతిలో ఉండిందంటే ఆ చెయ్యి కార్తవీర్యార్జునుడిదై ఉండాలి. నిజానికి పాత జీపుల వంశవృక్షం భారతంకన్నా చిక్కు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రావారు విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ కొమ్మకు వచ్చిన కాయలే ఇవన్నీ. ఆపైన పంజాబు సరిహద్దులో, హర్యానా వైపున మండీ డబ్వాలీ అనే ఊరుంది. మిలటరీ వేలంలో వచ్చిన బండ్లూ పాత సామానూ కొని, రేకులు కొత్తగా వంచి, అడిగిన అచ్చులో జీపు పోసి ఇచ్చే విశ్వకర్మలు అక్కడున్నారు. అక్కడినుంచి లారీ ఎక్కి దక్షిణాదికి దిగిన జీపులు చాలానే. అలాంటి జీపులో బాడీ ఒక చేతిది, గేరుబాక్సు ఒక చేతిది, హౌసింగులు మరో చేతివి. దేనికదే చూస్తే కవి మాట అబద్ధం కాదు.

ఇక్కడ ఒక పాత శంక లేస్తుంది. మిలిందుడనే యవనరాజు రథమెక్కి వస్తే నాగసేనుడనే బౌద్ధ భిక్షువు నిలదీశాడు: ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? ఏదీ కాకపోతే నువ్వు దేని మీద వచ్చావు? రాజు తెల్లబోయి, ఇవన్నీ కలిస్తే వాడుకగా పెట్టుకున్న పేరే రథమని ఒప్పుకున్నాడు. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు, అవయవాలకు వేరుగా అవయవి అంటూ ఒకటుందంటారు. ఈ వాదం శతాబ్దాలు సాగింది. మన ఆర్టీఓ కార్యాలయం దాన్ని నిమిషంలో తేల్చేసింది: చాసిస్ నెంబరే ఆత్మ, మిగతాదంతా ఉపాధి. పెన్సిలుతో కాగితం మీద రుద్ది ఆత్మసాక్షాత్కారం పొందగలిగిన దర్శనం ప్రపంచంలో ఇదొక్కటే. కాబట్టి నాగసేనుడికి నచ్చినా నచ్చకపోయినా, కొనేవాడు ఆ నెంబరును చేత్తో తడమాలి. కొట్టిన అక్షరాలు వంకరగా ఉన్నా, చుట్టూ కొత్త వెల్డింగు కనబడినా, నమస్కారం పెట్టి రావడమే.

4 అంగుళాల లిఫ్ట్. ఉన్నతాలంకారం అని కొత్తగా ఒకటి కల్పించుకోవలసి వస్తోంది. జీపుకు ముందూ వెనకా గట్టి ఇరుసులు, వాటి మధ్య గుమ్మడికాయలా వేలాడే హౌసింగు. కమాన్ కట్టలు ఎత్తు చేస్తే బాడీ లేస్తుంది, హౌసింగు ఎక్కడిదక్కడే. రాయి తగిలేది దానికే. దాన్ని నేలనుంచి పైకి లేపగలిగేది టైరొక్కటే. పాత 6.00-16 టైరు సుమారు 28 అంగుళాలు, కొత్తది 31. తేడాలో సగం, అంటే అంగుళంన్నర, కొత్తగా వచ్చిన ఖాళీ. మిగతా నాలుగూ చూసేవాళ్ల కోసం. ఆ నాలుగుతో పాటు బరువు పైకెక్కి మలుపులో ఒరుగుతుంది, జాయింట్ షాఫ్టు కోణం మారి క్రాసులు అరుగుతాయి, కొలతలు సరిచేయకపోతే అరవై దాటగానే స్టీరింగు చేతుల్లో గజగజ వణుకుతుంది. ప్రకటనలో ‘వణుకు లేదు’ అని ఎక్కడా లేదు.

పెద్ద టైరుకు మరో మహిమ ఉంది. మీటరు లెక్క చక్రం చుట్లను బట్టి నడుస్తుంది. చక్రం పెద్దదైతే చుట్లు తగ్గుతాయి. ఈ జీపు వంద కిలోమీటర్లు నడిస్తే మీటరు తొంభై అంటుంది. వయసు తగ్గించి చెప్పే యంత్రాన్ని యజమాని కావాలని పెట్టాడనడం లేదు. స్పీడు కూడా తక్కువే చూపుతుంది గనుక చలానా పడినప్పుడు ఆయనా ఆశ్చర్యపోయే ఉంటాడు.

వించ్, స్నార్కెల్. త్వరగా ముగిద్దాం. స్నార్కెల్ ఇంజను ముక్కును పైకప్పు దాకా ఎత్తే గొట్టం. నీళ్లు సిలిండరులోకి పోతే, నీరు గాలిలా నలగదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. హైదరాబాదులో దీనికి నదులు అక్కర్లేదు, అక్టోబరు 2020 నాటి వాన చాలు. వించ్ మీద రాసిన బలం డ్రమ్ముకు చుట్టిన తాడు మొదటి వరుసకే, పై వరుసలకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. రెండూ ఫొటోలో బాగుంటాయి.

ఇక్కడ అప్రస్తుతమైనా ఒక మాట. పాడేరు ఏజెన్సీ ఘాట్లలో కమాండర్ జీపులు తిరుగుతాయి. వాటికి లిఫ్టు లేదు, స్నార్కెల్ లేదు, కొన్నిటికి తలుపులే లేవు. సంతరోజున లోపల ఎందరున్నారో బయట ఎందరు వేలాడుతున్నారో లెక్క తేలదు. పైన పనసకాయలూ కోళ్లూ సరే. అపథశాస్త్రంలో అసలు ఆచార్యులు ఆ డ్రైవర్లు. వాళ్లెవరూ ఇంతవరకు తమ బండికి ‘ఆఫ్‌రోడర్’ అని పేరు పెట్టుకున్నట్టు లేదు. వాళ్లకు అది రోడ్డే.

పేపర్లు క్లియర్. ఈ రెండు మాటలకు భాష్యం రాస్తే గ్రంథమవుతుంది. సొంత బండి రిజిస్ట్రేషన్ ఆయుష్షు పదిహేనేళ్లు. ఆ తరువాత అధికారికి బండి చూపించి అయిదేసి ఏళ్లు పొడిగించుకోవాలి. 1988 జీపు 2003లో మొదటిసారి ఆ గుమ్మం తొక్కి ఉండాలి, ఆపైన ప్రతి అయిదేళ్లకూ. ఇప్పుడు ఆర్సీలో గడువు 2028 అని కనబడితే ‘క్లియర్’ అన్న మాటకు ప్రాణముంది. లేకుంటే అది మంగళవాచకం మాత్రమే.

పేరు మార్పిడి రెండో ప్రకరణం. 29, 30 నెంబర్ల ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేసి, “మీరు తీరిగ్గా మార్చుకోండి” అనడం మన సంతల్లో ఉదారత్వం కింద చెల్లుతోంది. అమ్మేవాడికి అంతకన్నా ఆత్మహత్యాసదృశం లేదు. రిజిస్టరులో ఎవరి పేరుందో వారే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మన కవి ఈ సంగతి తెలుసుకోవాలి. జీపు ఎవరి చేతికో పోయి, ఎక్కడో గేదెను గుద్దితే, కాగితం ఈయన ఇంటికే వస్తుంది.

ఇక మూడోది, రహస్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. ఆ ఏడే వచ్చిన సవరణ ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. ముందు బిగించే బుల్‌బార్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధం పెట్టింది. ఇప్పుడు గద్యభాగం మరోసారి చదవండి: లిఫ్టు, టైర్లు, వించ్, స్నార్కెల్, బంపరు. కవి వీటిని గుణవర్ణనగా రాశాడు. అనుమతి కాగితం లేకుంటే తనిఖీ అధికారి కంటికి ఇది నేరాంగీకార పత్రం, పైగా బిల్లు వేయడానికి వీలుగా వరుసలో ఉంది. నిందలా కనబడుతూ స్తుతి అయితే వ్యాజస్తుతి అన్నారు, స్తుతిలా కనబడుతూ చలానా అయ్యేదానికి లాక్షణికులు పేరు పెట్టలేదు.

పెట్టింది చాలా ఎక్కువ, అడిగేది చాలా తక్కువ. ప్రకటన మొత్తంలో నిఖార్సయిన సత్యం ఇదొక్కటే. కానీ ఇది కొనేవాడికి చెప్పే మాట కాదు, ఇంట్లో వాళ్లకు చెప్పుకునే సంజాయిషీ. ఆ ఆకుపచ్చ ఆయన ఆకుపచ్చ. ఆ సీట్ల మీది కుట్టు ఆయన నాలుగు షాపులు తిరిగి ఎంచిన కుట్టు. వచ్చినవాడు వాటిని చూసి, “ఈ లైట్లన్నీ పీకేస్తే ఎంతకిస్తారు?” అంటాడు. సంతలో కంపెనీ అచ్చుతో, ఒరిజినల్ బంపరుతో, మూడక్షరాల పాత నెంబరు ప్లేటుతో ఉన్న జీపును ఎగరేసుకుపోయేవాళ్లున్నారు. మార్చినదానికి మార్చినవాడి అభిరుచే తూకం, అది ఇంకొకడి తక్కెడలో నిలవదు. మామగారి పద్యం వీరరసంలో ఉన్నా అల్లుడి గద్యానిది విప్రలంభం. ధర వెంటనే ‘బండి చూశాక’ అన్న షరతు చూడండి. దాన్ని ఎవరైనా తనలా చూడాలని ఆయన ఆశ.

టైంపాస్ చేసేవాళ్లు. అమ్మడానికి మనసొప్పని ఓనరు ప్రతి కొనుగోలుదారుణ్ణీ ఇలాగే పిలుస్తాడు.

తాత్పర్యము

ఓ కొనుగోలుదారుడా! ఒక జీపు ఉన్నది. దానిని విప్పి బిగించినవాడు దాని మీద మోజు తీరక, దానికి పెట్టడానికి డబ్బు చాలక, అమ్మజూపుచున్నాడు. చాసిస్ తట్టి, నెంబరు తడిమి, ఆర్సీ గడువు చదివి, స్టీరింగు వణుకు ఎరిగి, అప్పుడు బేరమాడుము అని భావము.

పాఠాంతరములు

నెల తరువాతి ప్రతిలో ‘ఆరున్నర’కు మారుగా ‘అయిదూ ముప్పావు’ అని పాఠం. ఆ తరువాతి ప్రతిలో ధర లేదు, ‘మీరే చెప్పండి’ అని ఉంది. మామగారి పద్యం తీసేశారు, ఇంట్లో ఏదో జరిగి ఉండవచ్చు. అన్నిటికన్నా కొత్త ప్రతిలో చివర ఒక పంక్తి అదనంగా చేరింది. అది ప్రక్షిప్తమని మామగారంటారు. శైలిని బట్టి అల్లుడిదేనని వ్యాఖ్యాత నిర్ణయం: “పాత మారుతీ జిప్సీతో మార్పిడికి కూడా సిద్ధం. నడవకపోయినా ఫర్వాలేదు.”